కత్తిరింపు పనిముట్లు: పట్టుట, కోయుట, భద్రపరచుట

తోటకు ఎరువు ఎంత వేయవలెను, నీరు ఎన్నాళ్ళకు కట్టవలెను అని అడుగు రైతులు నాకు దినమునకు పదిమంది కనిపింతురు. కత్తిరింపు ఏ నెలలో చేయవలెనని అడుగువారును కొందరు గలరు. కాని “అయ్యా, ఏ కత్తితో కోయవలెను? దానిని ఎట్లు పట్టుకొనవలెను?” అని అడిగిన రైతును నేనింతవరకు ఒక్కరినే చూచితిని. ఆయనయు వ్రేలు తెగిన పిమ్మటనే అడిగెను.

కొడవలి పట్టని రైతు గలడా, కొమ్మ కోయుటకొక పాఠమెందులకు అని మీరనవచ్చును. వరి కోయునప్పుడు పైరు పిడికిలిలోనికి వచ్చును. కోసిన తరువాత ఆ దుబ్బుతో మనకు పనియుండదు. చెట్టు అట్టిది కాదు. కొమ్మ పోయినను చెట్టు మిగిలియుండును; ఆ గాయముతో అది ఇరువది, ముప్పది సంవత్సరములు బ్రతుకవలెను. కోసినవాడును అవే పది వ్రేళ్ళతో మరునాడు పనికి రావలెను. ఈ రెండింటిని మనసునందుంచుకొనియే ఈ వ్యాసము వ్రాయుచున్నాను. ఏ చెట్టును ఎప్పుడు, ఎంత కత్తిరింపవలెనను విషయము ఇందు విస్తరింపను. మల్లెకు, రేగుకు, ద్రాక్షకు, దానిమ్మకు దేని కాలము దానిదే. మీ ప్రాంతపు ఉద్యానశాఖ ఉద్యోగినడిగి తెలిసికొనగలరు. ఇచ్చట చెప్పబోవునది పనిముట్టును గురించి మాత్రమే.

ఏ కొమ్మకు ఏ పనిముట్టు

పండ్లతోటలో కత్తిరింపు పనికి గొడ్డలిని, మచ్చుకత్తిని తేవలదని మొదటనే చెప్పుట మంచిది. దెబ్బకొట్టు పనిముట్టు కొమ్మను కోయదు, చీల్చును. బెరడు క్రిందివరకు ఊడివచ్చును. కొయ్య నారలు నారలుగా లేచును. ఆ చీలికలలో వాననీరు నిలిచి కుళ్ళు మొదలగును. మామిడిలో కొమ్మలు కొననుండి ఎండుచు వచ్చుటకును, చీనీ, నిమ్మ చెట్లలో బంక కారుటకును ఇట్టి మోటు గాయములు దారి ఇచ్చును. చచ్చిన చెట్టును కూల్చుటకో, వంటచెరకు కొట్టుటకో గొడ్డలిని ఉంచుకొనుడు.

చిటికెనవ్రేలు మొదలు బొటనవ్రేలి లావు వరకు గల కొమ్మలకు సికేచర్ చాలును. ఇది ఒక చేతితో పట్టుకొను, స్ప్రింగుగల కత్తెర. పేరు ఫ్రెంచి భాషనుండి వచ్చినది. 19వ శతాబ్దపు తొలినాళ్ళలో ఫ్రాన్సు దేశమున ఈ పనిముట్టు పుట్టినది. బొటనవ్రేలికంటె లావై, ఒకటిన్నర అంగుళము లోపుండు కొమ్మలకు పొడుగు పిడుల కత్తెర కావలెను. దానిని రెండు చేతులతో పట్టి నొక్కవలెను. అంతకు మించిన కొమ్మకు రంపమే గతి.

ఈ లెక్కను పాటింపకపోవుట వలననే పెక్కు ప్రమాదములు జరుగుచున్నవి. కొమ్మ ఒక్క నొక్కుడుకు తెగకపోగానే మనవారు మొదట చేయు పని సికేచర్‌ను అటునిటు త్రిప్పుట. త్రిప్పుటచే నట్టు సడలి, అలుగుకును దవడకును నడుమ సందు పడును. అది మొదలు ఆ కత్తెర బెరడును కోయుట మాని నములుటకు దిగును. త్రిప్పినను తెగనిచో రెండవ చేయి కూడ వేసి బలముకొలది నొక్కుదురు. అప్పుడు కొమ్మ ఒక్కసారిగా తెగి, అంత బలముతో ఉన్న చేయి ఎక్కడికి పోవునో ఎవరును చెప్పలేరు. ఒక్క చేతి నొక్కుడుకు తెగని కొమ్మ సికేచర్ పని కాదని తెలిసికొని, ప్రక్కనున్న పెద్ద పనిముట్టు నందుకొనవలెను. అది ప్రక్కన లేక ఇంటివద్దనున్నచో, ఆ కొమ్మను రేపటికి విడిచినను నష్టము లేదు.

సికేచర్లలో రెండు విధములు గలవు. మొదటి దానిలో పదునైన అలుగు, పదునులేని వంకర దవడ ప్రక్కనుండి బట్టల కత్తెరవలె జారిపోవును. రెండవదానిలో అలుగు తిన్నగా దిగి చదునైన దిమ్మెపై ఆనును. పచ్చికొమ్మకు మొదటిదే వాడవలెను. రెండవది కొమ్మను దిమ్మెకు అదిమి కోయును గనుక పచ్చి బెరడు కమలును. ఎండుపుల్లలు ఏరివేయుటకు మాత్రము అది చక్కగా పనికివచ్చును. ఒక్కటే కొనదలచినవారు మొదటిదానినే కొనవలెను.

కొనునప్పుడు రంగునుచూచి మోసపోవలదు. సికేచర్‌ను మూసి వెలుతురునకు ఎదురుగా పట్టి చూడుడు. అలుగు, దవడ కలిసినచోట వెలుగు కనిపించుచున్నచో దానిని తిరిగి ఇచ్చివేయుడు. తరువాత పలుచని వార్తాపత్రిక కాగితమును అలుగు మొదటినుండి కొనవరకు కోసి చూడవలెను. కాగితము మడతపడక తెగవలెను. గొళ్ళెము బొటనవ్రేలితో సులభముగా పడునట్లుండవలెను. దానంతట అది ఊడిపోరాదు. స్ప్రింగును, అలుగును విడిగా అమ్ము రకమైనచో కొంత ధర ఎక్కువైనను తీసికొనుట లాభము. ఇంకొక మాట. మన తోటలలో ఈ పని చేయువారిలో స్త్రీలు పెక్కుమంది. మగవాని చేతికి చూచి కొన్న పెద్ద సికేచర్‌ను వారి చేతికిచ్చి, పని సాగుటలేదని విసుగుకొనుట న్యాయము కాదు. పూర్తిగా తెరచినప్పుడు పిడి వ్రేళ్ళ పట్టునకు అందవలెను. చిన్న సైజులును, ఎడమచేతివాటము వారికి వేరుగా చేసినవియు దొరకును.

రెండవ చేయి

ఇక నా అనుభవమొకటి చెప్పవలసియున్నది. ఉద్యోగములో చేరిన కొత్తలో రాయలసీమలోని ఒక గ్రామమున నిమ్మతోటలో కత్తిరింపు ప్రదర్శన ఏర్పాటు చేసితిని. నలువదిమంది వరకు రైతులు, కూలీలు వచ్చిరి. బి.యస్సి. వ్యవసాయము చదివినవాడను గదా, వాక్చాతుర్యమునకేమి లోటు? నీటికొమ్మలెట్టివో, ఎండుపుల్లలెందుకు తీయవలెనో చెప్పుచు, ఎడమచేతితో కొమ్మను పట్టుకొని, కన్ను జనముమీదనుంచి, కుడిచేతితో సికేచర్‌ను నొక్కితిని. కొమ్మయు తెగినది, ఎడమ చూపుడువ్రేలి మొదలును తెగినది. మూడు కుట్లు పడినవి. ఎవరో పసుపు తెచ్చుటకు పరుగెత్తిరి. ఒక కూలి అవ్వ మాత్రము నా చేతిని చూచి, “సారూ, కోసే తావుకాడే చెయ్యి పెడితే కొమ్మేది, ఏలేది అని కత్తెరకేం తెలుస్తాది?” అనెను.

కత్తిరింపు పనిముట్ల వాడుకలో ఆమె మాటకంటె ముఖ్యమైన సూత్రమును నేను తరువాత ఏ పుస్తకమునందును చదువలేదు. కోయుచోటికి రెండవ చేయి ఒక జానకంటె దగ్గరగా ఉండరాదు. కొమ్మను పట్టుకొనవలసివచ్చినచో తెగి పోవు ముక్కను, కొనవైపున, జానెడు దూరమున పట్టుకొనవలెను. పట్టుకొనకయే తెగునట్టి కొమ్మను అసలు పట్టుకొనవలదు. తెగిన ముక్క క్రింద పడిన నష్టమేమి? ముండ్లుగల నిమ్మ, రేగు కొమ్మలను పట్టుకొను చేతికి దళసరి తోలు తొడుగు వేసికొనుడు. సికేచర్ పట్టు చేతికి మాత్రము తోలు మందమైనచో పట్టు తప్పును. అక్కడ పలుచని తొడుగు చాలును.

కంటిని గురించి రైతులు శ్రద్ధ వహింపరు. వంచిన కొమ్మ తెగగానే వెనుకకు కొట్టును. నిమ్మ ముల్లు కంటిలో దిగిన మనిషిని చూచినవారెవరును మరల కంటి అద్దములు లేక తోటలో దిగరు. తలమీదుగా చేతులెత్తి కోయునప్పుడు రంపపు పొట్టు కూడ కంటిలోనే పడును. ప్లాస్టిక్ అద్దముల వెల స్వల్పము. మామిడి కోయువారు పూర్తిచేతుల చొక్కా తొడుగుకొనవలెను. సొన చర్మమును కాల్చునని మీకు నేను చెప్పనక్కరలేదు. కొమ్మలోనికి చేయి పెట్టుటకు ముందు ఎర్రచీమల గూడు, కందిరీగల పట్టు ఉన్నవేమో చూచుకొనుట మరువరాదు. చెట్టుపైనున్నవాడు చీమలు కుట్టినప్పుడు పనిముట్టును విడుచును. క్రిందనున్నవాని నెత్తిపైనే విడుచును.

కోయు విధము

సికేచర్‌ను పూర్తిగా తెరచి, కొమ్మను నట్టుకు దగ్గరగా, లోపలికి పోనిచ్చి కోయవలెను. కొనతో కొరికినచో బలము చాలదు, అలుగు వంగును. పదునైన అలుగు చెట్టుపై మిగులు భాగమువైపునకును, పదునులేని దవడ పోవు ముక్కవైపునకును ఉండవలెను. దవడ ఆనినచోట బెరడు కొంత కమలక తప్పదు. ఆ కమిలిన భాగము ముక్కతోపాటు క్రింద పడిపోవలెను. తలక్రిందుగా పట్టినచో అది చెట్టునకు మిగులును. ఇరువది సంవత్సరములుగా కత్తిరింపు చేయుచున్న కూలీలలో కూడ దీనిని గమనింపనివారు గలరు. ఒక్కసారి రెండువిధముల కోసి, రెండు గాయములను ప్రక్కప్రక్కన చూపినచో వారే ఒప్పుకొందురు.

చిన్న కొమ్మను కొంత తగ్గింపవలసినప్పుడు బయటివైపు చూచుచున్న మొగ్గకు పైన పావు అంగుళమున, మొగ్గకు ఎదురువైపునకు వాలునట్లు ఏటవాలుగా కోయవలెను. నీరు మొగ్గమీదికి కాక అవతలికి జారిపోవును. మరీ దగ్గరగా కోసిన మొగ్గ ఎండును. మరీ దూరముగా విడిచిన ఆ పుల్ల ఎండి, ఎండు లోపలికి దిగును.

కొమ్మను మొదలంట తీయవలసినప్పుడు ఎక్కడ కోయవలెనను విషయమున మన పాత పద్ధతి మారినది. మానుకు సమముగా, చేతితో తడిమిన తగులకుండ, నున్నగా కోయుడని పూర్వము పుస్తకములు చెప్పెడివి. అమెరికా అటవీశాఖలో వృక్షరోగ శాస్త్రజ్ఞుడైన అలెక్స్ షిగో వేలకొలది చెట్లను నిలువున చీల్చి, గాయము లోపల కుళ్ళు ఎంతదూరము పోయినదో పరిశీలించెను. 1970, 1980 దశకములలో ఆయన ప్రకటించిన విషయములు ఈ పద్ధతిని మార్చినవి. కొమ్మ మానునుండి బయలుదేరుచోట కడియమువలె కొంచెము ఉబ్బుండును. దగ్గరకు పోయి చూచిన మామిడిలోను, జామలోను మీకే కనిపించును. చెట్టు తన గాయమును మూసికొనునది, కుళ్ళును లోపలికి రానీయక అడ్డుకట్ట వేసికొనునది ఆ కడియము నుండియే. దానిని నరికివేసిన అడ్డుకట్ట పోవును; గాయము వెడల్పగును. కనుక ఆ కడియమును తాకక, దాని అంచునకు వెలుపల కోయవలెను. అట్లని గుర్రపు మేకువలె జానెడు మోడు విడువరాదు. ఆ మోడు ఎండి, పురుగులకు ఇల్లగును.

బరువైన కొమ్మను ఒక్క కోతతో తీయుటకు ప్రయత్నింపకుడు. పైనుండి సగము తెగగానే కొమ్మ తన బరువునకు తానే విరిగి, మాను బెరడును మూరెడు పొడవున చీల్చుకొనిపోవును. ఎన్ని మంచి మామిడిచెట్లు ఇట్లు పాడైనవో! మూడు కోతలు కోయవలెను. మానునుండి ఒక అడుగు దూరమున, క్రిందివైపునుండి, లావులో మూడవ వంతు వరకు మొదటి కోత. దానికి రెండంగుళములు అవతల, పైనుండి రెండవ కోత. దీనితో కొమ్మ బరువంతయు పడిపోవును, చీలిక మొదటి కోతవద్ద ఆగిపోవును. ఇక మిగిలినది అడుగు పొడవు మోడు. దానిని చేతితో ఆనించి పట్టి, కడియమునకు వెలుపల నింపాదిగా మూడవ కోత కోయవలెను.

కత్తిరింపు రంపపు పండ్లు సాధారణముగా మనవైపు లాగునప్పుడు కోయునట్లు అమర్చబడియుండును. వడ్రంగి రంపమునకు అలవాటుపడినవారు దీనిని ముందుకు బలముగా త్రోయుదురు. అలుగు వంగి విరుగును. లాగునప్పుడు బలము, పోవునప్పుడు తేలిక. రంపము మొదట పట్టు దొరుకువరకు ఎగురును. ఆ క్షణముననే చేతులు కోసికొందురు. నెమ్మదిగా రెండుమూడుసార్లు లాగి గాడి పడిన తరువాతనే వేగము పెంచవలెను.

ఎత్తుకు ఎక్కునప్పుడు

క్రిందనుండి పొడుగు గడ రంపముతో కోయగలిగినదానికి చెట్టెక్కవలదు. ఎక్కవలసివచ్చినచో పనిముట్టును మొలలో దోపుకొని ఎక్కుట మన దేశమున సర్వసామాన్యము, సర్వనాశనము. ఖాళీచేతులతో ఎక్కి, కుదురుగా నిలిచి, పిమ్మట పనిముట్టును సంచిలో పెట్టి త్రాటితో పైకి లాగుకొనవలెను. నిచ్చెనను ఒక మనిషి క్రింద పట్టుకొనియుండవలెను. కాని కోయు కొమ్మకు సరిగా క్రింద నిలువరాదు. కోయబోవు కొమ్మకే నిచ్చెన ఆనించినవారిని నేను చూచితిని. నవ్వవలదు, పనిలోపడిన మనిషికి అది తోచదు. మునగ, నేరేడు కొమ్మలు లావుగా కనిపించినను పెళుసు. వానికి బరువు ఆన్పరాదు.

కరెంటు తీగల విషయము వేరుగా చెప్పవలెను. తోటగట్టుమీదుగా, బోరు మోటారుకు పోవు తీగలకు దగ్గరగా పెరిగిన కొమ్మలను రైతులు తామే కోయుచున్నారు. ఇనుప గడయు, అల్యూమినియం గడయు విద్యుత్తును తిన్నగా చేతికి తెచ్చును. వెదురు గడ అపాయము లేనిదని తలచుట పొరబాటు. తడిసిన వెదురు, పచ్చికొమ్మ కూడ విద్యుత్తును తెచ్చును. 11 కె.వి. తీగను తాకకయే, మిక్కిలి దగ్గరకు పోయినంతమాత్రముననే ప్రాణము పోవును. కోసిన కొమ్మ తీగపై పడినను అంతే. లైన్‌మాన్‌ను పిలిపించి, ఆ తీగకు సరఫరా నిలిపివేయించి, ఆతడు చూచుచుండగా మాత్రమే కోయవలెను. మీ ఇంటి స్విచ్చి తీసినంతమాత్రమున బయటి తీగ చావదు. ఇందుకు రెండు దినములు ఆలస్యమైనను సహింపవలెను.

బ్యాటరీతో పనిచేయు సికేచర్లు ఇటీవల తోటలలోనికి వచ్చినవి. పని వేగమగును, చేయి నొప్పియుండదు. కాని చేతి సికేచర్‌లో వ్రేలు పడిన నొప్పి తెలిసి మనము ఆగెదము. ఇది ఆగదు; కొమ్మను కోసినట్లే ఎముకనుకూడ కోయును. రెండవ చేతికి జాన చాలదు. మూర దూరమున ఉండవలెను. శుభ్రపరచుటకు, ఇరుకుకొన్న పుల్ల తీయుటకు ముందు బ్యాటరీని ఊడదీయవలెను. మీట విడిచినంతమాత్రము చాలదు. ఇక గొలుసు రంపమును నిచ్చెనపై నిలిచి వాడరాదు. దాని కొన కొమ్మకు తగిలిన వెనుకకు ముఖముమీదికి ఎగురును. శిక్షణలేనివారు దానిని ముట్టుకొనకుండుటయే మంచిది.

తెగులును మోయు కత్తి

అనంతపురం జిల్లాలో పనిచేసిన దినములలో ఒకనాడు ఉదయము ఒక దానిమ్మతోటలోను, సాయంత్రము మరియొక దానిమ్మతోటలోను కత్తిరింపు చూపించితిని. రెండవ తోట రెండెకరములది. రైతు అప్పుచేసి వేసినది. రెండింటను ఒకే సికేచర్ వాడితిని. ఉదయపు తోటలో కొన్ని కొమ్మలపై నల్లని పగుళ్ళు చూచితిని, కాని ఎండదెబ్బ యనుకొంటిని. వానలు పడిన తరువాత సాయంత్రపు తోటలో ఆకులపై నూనె మరకలవంటి మచ్చలు, ఆ తరువాత కాయలపై నల్లని మచ్చలు, నక్షత్రమువలె పగుళ్ళు వచ్చినవి. బాక్టీరియా మచ్చ తెగులు. ఈ తెగులు వానజల్లుతో, గాలితో, తెగులు సోకిన అంట్లతో కూడ వచ్చును గనుక నా సికేచరే తెచ్చినదని రుజువు చేయలేను. కాని మొదట మచ్చ కనిపించిన చెట్లు ఆనాడు నేను కోసి చూపిన వరుసలోనివే.

ఆ రైతుకు నేనే పోయి సంగతి చెప్పితిని. ఆయన కొంతసేపు ఊరకుండి, “పక్క తోటోళ్ళకు చెప్పినారా సార్?” అనెను. చెప్పలేదు. మరునాడు తెల్లవారగనే పోయి చెప్పితిని. అప్పటినుండి నా సంచిలో సికేచర్లు రెండు, స్పిరిట్ సీసా ఒకటి తప్పక ఉండును.

చేయవలసినది కష్టమైన పని కాదు. 70 శాతము స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో అలుగును, దవడను రెండువైపుల తుడువవలెను. లేదా అందులో ముంచి తీయవలెను. ముందుగా అంటుకొన్న పసరు, బంక తుడిచివేయవలెను. మురికి పొర క్రిందనున్న సూక్ష్మజీవికి మందు అందదు. స్పిరిట్ వెంటనే మండును గనుక దగ్గరలో బీడీ, చుట్ట పనికిరావు. స్పిరిట్ దొరకనిచో సోడియం హైపోక్లోరైట్ వాడవచ్చును. సీసాపై 4 లేక 5 శాతమని యున్నచో దానికి సమముగా నీరు కలుపవలెను, 2, 2.5 శాతపు ద్రావణమగును. ఇది ఏనాటిదానిని ఆనాడే కలుపుకొనవలెను. ఎండకును, మురికికిని దీని బలము తగ్గును. చేతులకు రబ్బరు తొడుగులు వేసికొనుడు. దీనిలో యాసిడ్ గాని, మరుగుదొడ్లు కడుగు ద్రవములు గాని ఎన్నడును కలుపకుడు. ఊపిరితిత్తులను పాడుచేయు విషవాయువు పుట్టును. ఈ ద్రావణము ఇనుమును తినును గనుక సాయంత్రము మంచినీటితో కడిగి, తుడిచి, నూనె రాయుట తప్పనిసరి.

ప్రతి చెట్టుకును ఆగి తుడుచుటకు కూలీలు ఇష్టపడరు. అందుచే మనిషికి రెండేసి సికేచర్లు ఇచ్చుట మేలు. ఒకటి ద్రావణపు గిన్నెలో నానుచుండగా రెండవదానితో ఒక చెట్టు కోయవలెను. తరువాతి చెట్టుకు మార్చుకొనవలెను. పని జరుగుచునే యుండును. తెగులు లేని చెట్లను ముందు, తెగులున్నవానిని కడపట కోయవలెను. మంచు, వాన తడి ఆరకముందు కత్తెర పట్టరాదు. దానిమ్మలో మచ్చ కనిపించిన చోటికి రెండంగుళములు క్రిందుగా, ఆరోగ్యముగల భాగమున కోసి, ఆ ముక్కలను తోటలో విడువక కాల్చివేయవలెను. ఊరూరు తిరిగి కత్తిరింపు చేయు ముఠాలను పిలుచువారు వారి పనిముట్లను తోట గేటువద్దనే కడిగింపవలెను. అతిథిని అవమానించినట్లగునని మొగమాటపడవలదు. కాళ్ళు కడిగికొని ఇంటిలోనికి రమ్మనుట మనకు క్రొత్త కాదు.

బొటనవ్రేలికంటె లావైన గాయములకు బోర్డో పేస్టు పూయుడు. పూత వలన గాయము త్వరగా మానునని కాదు. మాను పని చెట్టుది. వానకాలమున ఆ గాయముపై శిలీంధ్రములు చేరకుండుటకే ఇది. కిలో మైలుతుత్తమును 5 లీటర్ల నీటిలోను, కిలో పొడిసున్నమును వేరుగా 5 లీటర్ల నీటిలోను కరగించి, రెంటిని ప్లాస్టిక్ లేక మట్టి పాత్రలో కలుపవలెను. ఇనుప పాత్ర కూడదు. శుభ్రమైన చాకును కొంతసేపు ముంచి తీసినప్పుడు దానిపై రాగిరంగు కనిపించినచో ఇంకను సున్నము చాలలేదన్నమాట. చాకు లేదని సికేచర్‌తోనే ఈ పరీక్ష చేసినవారును గలరు!

సాయంత్రము పది నిమిషములు

పని ముగియగానే పనిముట్టును మూలకు విసరివేయుట మన అలవాటు. సబ్బునీటి గుడ్డతో తుడువుడు. బంక పోనిచో కిరోసిన్ గుడ్డతో రుద్దుడు. ఆరిన పిమ్మట నట్టువద్దను, స్ప్రింగుకును రెండు చుక్కలు కుట్టుమిషను నూనె వేయుడు. వంటనూనె రాసిన జిడ్డుగట్టి దుమ్ము పట్టును.

మొద్దుబారిన కత్తి పదునైన కత్తికంటె అపాయకరము. దానికి బలము ఎక్కువ పెట్టవలెను. బలము పెట్టినచోటనే చేయి జారును. సికేచర్ అలుగునకు ఒకవైపే వాలు ఉండును. ఆ వాలువైపుననే, ఆ వాలు ఎంత ఉన్నదో అంతే ఒంపుతో, చిన్న సానరాయిని వెనుకనుండి వాదరవైపునకు ఒకే దిశలో పది, పదునైదుసార్లు పోనీయవలెను. రెండవవైపు చదునుగా ఉండును. అటు రాయిని పూర్తిగా పరచిపెట్టి, లేచిన గరుకు పోవునట్లు ఒకటి రెండుసార్లు రుద్దిన చాలును. ఈ చదునువైపున వాలుపెట్టి అరగదీసిన సికేచర్ దవడను కలియదు. ఇక అది కాగితమునుకూడ కోయదు. సానపట్టువారికి ఇచ్చునప్పుడు ఈ సంగతి చెప్పి ఇవ్వవలెను. రంపపు పండ్ల కొనలు నల్లగా లేక నీలిగా కాల్చియున్నచో ఆకురాయికి లొంగవు, అలుగునే మార్చవలెను.

పిడులకు ఎర్రరంగు వేయుడు. పచ్చగడ్డిలో పోయిన పనిముట్టు కంటికి దొరకును. లేనియెడల ఎవరి కాలికో దొరకును. చేతినుండి చేతికి ఇచ్చునప్పుడు మూసి, గొళ్ళెము వేసి, పిడి అవతలివానివైపుంచి ఇవ్వవలెను.

గాయమైనచో

శుభ్రమైన గుడ్డను గాయముపై గట్టిగా అదిమి, చేతిని గుండెకంటె ఎత్తున పట్టుకొనవలెను. రక్తము నిలిచినదా యని నిమిషమున కొకసారి ఎత్తి చూడరాదు. పది నిమిషములు అట్లే అదిమియుంచవలెను. పసుపు, కాఫీపొడి, కిరోసిన్, పేడ ఏదియు పెట్టరాదు. రక్తము ఆగిన చిన్న గాయమును పారునీటితో, సబ్బుతో కడుగవలెను. ముల్లు గ్రుచ్చుకొన్నను, మట్టి కత్తి తెగినను ధనుర్వాతపు టీకా కొరకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి, ఇంతకుముందు ఎప్పుడు వేయించుకొన్నది చెప్పవలెను. కంటిలో ముల్లు దిగినచో లాగరాదు, కన్ను నలుపరాదు, నీళ్ళు కొట్టరాదు. కన్ను ఒత్తిడిపడకుండ పైన చిన్న గిన్నెవంటిది కప్పి ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

వ్రేలు పూర్తిగా తెగిపడినచో దానిని వెదకి తీసికొనిపోవుడు. పారవేయకుడు. తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, ఆ సంచిని మంచుగడ్డలు వేసిన నీటిలో ఉంచవలెను. మంచు తిన్నగా వ్రేలిని తాకరాదు. 108కి ఫోను చేసినప్పుడు వ్రేలు తెగినదని చెప్పి, అతికించు శస్త్రచికిత్స ఏ ఆసుపత్రిలో గలదో ముందే అడుగుడు. గంటలు గడచినకొలది అతుకు అవకాశము తగ్గును. నన్ను మొదట అడిగిన ఆ రైతు తన వ్రేలిని గుడ్డలో చుట్టి, అరటిచెట్టు మొదట పాతిపెట్టి, తరువాత ఆసుపత్రికి పోయెను.

గ్రామాధికారులకు ఒక మనవి. చిన్న తోటల రైతులు ఈ సామగ్రినంతయు ఎవరికివారు కొనలేరు. నలుగురైదుగురు రైతులు కలిసి సికేచర్లు నాలుగు, పొడుగు పిడుల కత్తెర ఒకటి, మడత రంపము ఒకటి, సానరాయి, కంటి అద్దములు, మూతగల గిన్నె కొనియుంచుకొనునట్లు చేయగలరు. ఎవరు ఏ దినమున తీసికొనిరో, తిరిగి ఇచ్చునప్పుడు కడిగి ఇచ్చిరో లేదో ఒక పుస్తకమున వ్రాయింపవలెను. స్పిరిట్, హైపోక్లోరైట్ సీసాలపై పేరు వ్రాసి, త్రాగునీటి సీసాలలో పోయక, పిల్లలకందని చోట తాళము వేసి ఉంచవలెను.